సంచిలో పట్టని మురికి

సముద్రం లేని ఢిల్లీలోనూ తీరాన్ని శుభ్రం చేసేవాళ్ళున్నారు. వాళ్ళు నింపే సంచుల్లో ఏముంటుందో, ఏముండదో చూస్తే యమున కథ సగం అర్థమవుతుంది.

దీపావళి వెళ్ళిన తర్వాతి ఆదివారం. ఉదయం ఆరున్నర. కాళిందీ కుంజ్ దగ్గర ఆటో దిగి ఓఖ్లా బ్యారేజీ వైపు నడుస్తుంటే నది కంటికి కనిపించకముందే ముక్కుకు తెలుస్తుంది. బ్యారేజీ గేట్లకు దిగువన నీటి మీద తెల్లటి నురగ దిబ్బలు దిబ్బలుగా తేలుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళకు హిమాలయాల మంచు ఇక్కడి దాకా కొట్టుకొచ్చిందా అనిపిస్తుంది. ఒడ్డున పాతిక మంది దాకా ఉన్నారు. కాలేజీ విద్యార్థులు, నోయిడా కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళు, రిటైరైన ఇద్దరు ఉద్యోగులు. చేతులకు రబ్బరు గ్లవ్స్, మూతికి మాస్కు, పక్కన పారలు, ఖాళీ గోనెసంచులు. మూడు గంటల్లో ఆ సంచులన్నీ నిండుతాయి. నది మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటుంది.

ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. తెలిసీ ఎందుకు వస్తున్నారన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న.

ఢిల్లీకి అతి దగ్గరి సముద్రం దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా తీరాల శుభ్రతకు ఈ నగరంతో సంబంధం లేదనలేం. అమెరికాలోని టెక్సస్‌లో 1986లో మొదలైన అంతర్జాతీయ తీర శుభ్రతా దినాన్ని ఏటా సెప్టెంబరు మూడో శనివారం జరుపుతారు. దాన్ని పురస్కరించుకుని 2022లో దేశవ్యాప్తంగా 75 బీచ్‌లలో 75 రోజుల పాటు సాగిన కార్యక్రమాన్ని నడిపించింది ఢిల్లీ లోధీ రోడ్డులో కొలువైన భూవిజ్ఞాన శాఖే. అంతకన్నా దగ్గరి సంబంధం నదిది. ఈ ఒడ్డున వదిలిన ప్లాస్టిక్ సంచి ఎక్కడా చిక్కుకోకపోతే ప్రయాగ్‌రాజ్ దగ్గర గంగలో కలిసి, ఆ గంగతో పాటు బంగాళాఖాతం చేరుతుంది.

ఆ ఉదయం సంచి పట్టుకున్న వాళ్ళలో ఒక తెలుగు కుర్రాడు తగిలాడు. బాపట్ల దగ్గర సూర్యలంక వైపు ఊరు. సివిల్స్ కోచింగ్ కోసం వచ్చి రాజేందర్ నగర్‌లో ఉంటున్నాడు. తెలుగు మాట వినగానే ముఖం విప్పారింది. "మా ఊళ్ళో బీచ్ ఉండి కూడా ఎప్పుడూ చీపురు పట్టలేదన్నా. సముద్రం లేని ఊరికొచ్చి ఒడ్డు ఊడుస్తున్నానంటే మా అమ్మ నవ్వుతోంది" అన్నాడు. కాసేపాగి, సంచి మూతి కడుతూ, "ఇక్కడ వదిలింది అక్కడికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందంటారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

సంచుల్లో ఏముంది? పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, థర్మోకోల్ ముక్కలు, 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్న ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు. కానీ తెలుగువాళ్ళను ఆపి ఆలోచింపజేసేది మరొకటి. మనం నిర్మాల్యం అనేది. వాడిన బంతిపూల దండలు, కొబ్బరికాయలు, జరీ అంచు ఎర్ర గుడ్డలు, అద్దం పగిలిన దేవుడి పటాలు, పోయిన పండుగ నాటి లక్ష్మీగణపతుల బొమ్మలు. దేవుడి దగ్గరి వస్తువును చెత్తబుట్టలో వేయడానికి ఎవరికీ మనసొప్పదు. కాళ్ళ కింద పడకూడదని, పవిత్రమైన చోట వదలాలని నదికి తెస్తారు. తెచ్చేది మాత్రం ప్లాస్టిక్ సంచిలో. మూట విప్పకుండా వంతెన మీద నుంచి గిరాటేస్తారు. అందుకే యమున వంతెనల మీద ఎత్తయిన ఇనుప జాలీలు బిగించారు. జాలీకి ఎక్కడో ఒకచోట కన్నం పడుతుంది, లేదా మూట దాని పైనుంచి ఎగురుతుంది. నదిలో పూజా సామగ్రి వేస్తే రూ. 5,000, భవన నిర్మాణ శిథిలాలు పోస్తే రూ. 50,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 జనవరిలోనే ఆదేశించింది. భక్తికి జరిమానా భయం పెద్దగా ఉన్నట్టు లేదు.

ఇంతకూ ఆ నురగ ఏమిటి? ఇళ్ళ నుంచి, బట్టలుతికే చోట్ల నుంచి, కర్మాగారాల నుంచి శుద్ధి కాకుండా వచ్చే మురుగులో డిటర్జెంట్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. బ్యారేజీ గేట్ల నుంచి నీరు ఎత్తున దూకినప్పుడు అది చిలికినట్టయి నురగ కడుతుంది. వర్షాలు వెనకబట్టి నదిలో నీరు తగ్గాక, అక్టోబరు, నవంబరుల్లో ఇది మరీ ఎక్కువ. సరిగ్గా అప్పుడే ఛట్ పండుగ వస్తుంది. నడుం లోతు నురగలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యమిచ్చే ఆడవాళ్ళ ఫొటోలు ఏటా పత్రికల్లో వస్తుంటాయి. 2024 నవంబరులో యమున ఒడ్డున ఛట్ పూజకు అనుమతించడానికి ఢిల్లీ హైకోర్టు నిరాకరించింది. ఆ నీళ్ళలో దిగితే భక్తుల ఆరోగ్యానికే ముప్పన్నది కారణం. కాళింది అంటే యమునే. కాళియుడి విషం నుంచి కృష్ణుడు కాపాడిన మడుగు కథను పోతన భాగవతంలో చదువుకున్నవాళ్ళకు ఈ ఊరి పేరు కాస్త గుచ్చుకుంటుంది.

నురగను సంచికెత్తలేరు. అక్కడే ఈ పనికీ బీచ్ శుభ్రతకీ తేడా. ముంబయిలోని వర్సోవా బీచ్‌ను అఫ్రోజ్ షా అనే లాయర్ 2015లో పొరుగువాళ్ళను కూడగట్టి శుభ్రం చేయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. అక్కడి చెత్త చేతికి దొరికేది, ఎత్తితే కింద ఇసుక కనిపించేది. ఇక్కడి చెత్తలో అసలు భాగం నీళ్ళలో కరిగి ఉంది.

అది ఎక్కడ కరుగుతుందో చూడాలంటే ఎగువకు వెళ్ళాలి. యమున మొత్తం పొడవు 1,376 కిలోమీటర్లు. ఢిల్లీలో వజీరాబాద్ బ్యారేజీ నుంచి ఓఖ్లా బ్యారేజీ వరకు ఉన్నది 22 కిలోమీటర్లు. పొడవులో రెండు శాతం కూడా లేని ఈ ముక్కలోనే నది కాలుష్యంలో మూడొంతులకు పైగా చేరుతోందని ప్రభుత్వ నివేదికలే చెబుతూ వచ్చాయి. కాబట్టి కారులో గంటన్నరలో ముగిసే ఈ దారి ఒక నది చావును వెనక నుంచి ముందుకు చదవడం లాంటిది.

దారిలో మొదటి మజిలీ 1860ల నాటి లోహా పుల్. దాని పక్కనే యమునా బజార్ ఘాట్‌లు. చలికాలంలో ఇక్కడ విచిత్రమైన దృశ్యం. మధ్య ఆసియా, సైబీరియాల నుంచి వచ్చే సీగల్ పక్షులు వేలల్లో వాలతాయి. సముద్రం లేని ఊరికి సముద్రపు పక్షులు. పడవల్లో జనం కారప్పూస విసురుతుంటే గుంపులుగా మీదికొస్తాయి. కింద నల్లటి నీరు, పైన తెల్లటి రెక్కలు. ఫొటో తీసేవాళ్ళకు పండుగే. అదే ఘాట్‌ల దగ్గర కొందరు పిల్లలు తాడు చివర అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరి భక్తులు వేసిన నాణేలు తీస్తుంటారు. ఇంకొందరు తేలే కొబ్బరికాయలు, సీసాలు ఏరుకుని అమ్ముకుంటారు. ఈ నదిని రోజూ శుభ్రం చేసేది నిజానికి వీళ్ళు. వీళ్ళకు గ్లవ్స్ ఉండవు, బ్యానరు ఉండదు, ఆదివారం సెలవూ ఉండదు.

ఇంకా పైకి వెళితే వజీరాబాద్. బ్యారేజీకి ఎగువన నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. నగరం తాగేది వాటినే. బ్యారేజీ దాటిన కొద్ది దూరానికే నజఫ్‌గఢ్ కాలువ వచ్చి కలుస్తుంది. ఒకప్పుడు అది సాహిబీ అనే నది. ఇప్పుడు ఢిల్లీ మురుగును మోసే అతి పెద్ద కాలువ. అంటే నగరం తాగడానికి నదిని ఇక్కడ ఖాళీ చేసుకుని, ఆ ఖాళీని తన మురుగుతో నింపి పంపుతోంది. అంతకు ముందే హర్యానాలోని హథ్నీకుండ్ బ్యారేజీ దగ్గర నీటిలో అధిక భాగం కాలువలకు మళ్ళుతుంది. ఎండాకాలం అక్కడి నుంచి నదిలోకి సెకనుకు 10 ఘనపు మీటర్ల నీరు వదులుతూ వచ్చారు. కనీసం 23 ఉండాలని జాతీయ జలవిజ్ఞాన సంస్థ సిఫారసు చేసింది. నదిలో నీరే లేనప్పుడు మురుగును పలుచన చేసేది ఏముంటుంది?

ఇదంతా కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. జపాన్ సాయంతో యమునా కార్యాచరణ ప్రణాళిక మొదలైంది 1993లో. ఒక పత్రికా కథనం చూసి సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది 1994లో. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు గోనెసంచి పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. 2000లో కొందరు కుర్రాళ్ళు 'వి ఫర్ యమున' పేరుతో ఒడ్డుకు దిగారు. విమలేందు ఝా నడిపించిన ఆ ప్రయత్నమే తర్వాత 'స్వేచ్ఛ' అనే సంస్థ అయింది. అటవీ శాఖ ఉద్యోగం వదిలి వచ్చిన మనోజ్ మిశ్రా 2007లో యమునా జియే అభియాన్ ప్రారంభించారు. నది ఒడ్డున శిథిలాల గుట్టలు చూసి ఊరుకోకుండా హరిత ట్రిబ్యునల్ తలుపు తట్టారు. 2015 నాటి తీర్పు ఆ పోరాటం నుంచి వచ్చిందే. ఆయన 2023 జూన్‌లో కన్నుమూశారు. మరుసటి నెల 13న నది ఢిల్లీలో 208.66 మీటర్ల ఎత్తుకు చేరి 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటేసింది. ఎర్రకోట గోడల దాకా నీరొచ్చింది. యమునకు తన పాత దారి గుర్తుందని నగరానికి అప్పుడు తెలిసింది.

స్వచ్ఛంద సేవకుల పని మీద ఒక విమర్శ ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. పాతిక సంచులు ఎత్తి ఫొటో దిగితే, మురుగు శుద్ధి చేయాల్సినవాళ్ళు కూడా ఆ ఫొటోలోకి వచ్చి నిలబడతారు. చెత్త వేసింది ఎవరన్న ప్రశ్న మిగులుతుంది, మురుగు వదిలింది ఎవరన్నది జారిపోతుంది. ఎత్తిన సంచులు సైతం మునిసిపాలిటీ లారీ ఎక్కి ఓఖ్లా, ఘాజీపూర్ చెత్త కొండల వైపే వెళ్ళాల్సి ఉంటుంది.

శుభ్రత పేరుతో జరిగిన అన్యాయాలూ ఉన్నాయి. నది ఒడ్డు ఆక్రమణలు తొలగించాలన్న హైకోర్టు ఆదేశం తర్వాత 2004లో యమునా పుష్తా మురికివాడలు కూల్చేశారు. వేలాది కుటుంబాలు చెదిరిపోయాయి. చాలామందిని నగరం అంచున ఉన్న బవానా లాంటి చోట్లకు తరలించారు. గుడిసెలు పోయాయి. నది బాగుపడలేదు. అదే వరద మైదానంలో తర్వాత 2010 కామన్వెల్త్ క్రీడల కోసం అపార్ట్‌మెంట్లు లేచాయి. 2024లో మూసీ ఒడ్డు ఇళ్ళ మీద గుర్తులు వేసినప్పుడు హైదరాబాద్‌లో రేగిన వాదన విన్నవాళ్ళకు ఈ కథ పరాయిదిగా అనిపించదు.

మరి ఈ ఆదివారాల వల్ల ప్రయోజనం? ఢిల్లీలో నదిని చూడకుండానే ఏళ్ళు గడిపేయొచ్చు. మెట్రోలో దాటేటప్పుడు ఒక నిమిషం నల్లగా కనిపించి మాయమవుతుంది. చూడని నది కోసం ఎవరూ అడగరు. చేతులు పెట్టి చెత్త తీసినవాళ్ళు అలా ఉండలేకపోతున్నారు. సంచి నిండాక కూడా నీరు నల్లగానే ఎందుకుందని వాళ్ళకు అనుమానం వస్తుంది. అక్కడి నుంచి కాలువల దాకా, శుద్ధి కేంద్రాల దాకా, కోర్టుల దాకా దారి పడుతుంది. మనోజ్ మిశ్రా వెళ్ళిందీ అదే దారిన. ఎత్తిన చెత్త కన్నా ఎత్తలేకపోయిన మురికే ఇక్కడ పెద్ద పాఠం.

కాళిందీ కుంజ్‌లో తొమ్మిదిన్నరకల్లా పని ముగిసింది. నిర్మాల్యాన్ని వేరుచేసి, పూలు, ఆకులు గుంతలో పూడ్చారు. పటాల ఫ్రేములు, ప్లాస్టిక్ సంచుల్లోకి వెళ్ళాయి. సూర్యలంక కుర్రాడు చేతులు కడుక్కోవడానికి నదిలోకి దిగలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోని నీళ్ళతో కడుక్కున్నాడు. ఆ ఖాళీ సీసాను సంచిలో వేయకుండా బ్యాగులో పెట్టుకుని, "వచ్చే ఆదివారం ఉంటారా అన్నా?" అని అడిగాడు. వెనకాల నురగ అలాగే కదులుతోంది, దిగువకు.