గోధుమ కంకి ముద్ర

మా ఇంటి తలుపు సముద్రం దాటాల్సిన చెక్క. పలకల ఫ్యాక్టరీలో విరిగిన పాలెట్టును కూలిలో పట్టించుకొని, మార్కాపురం నుంచి బస్సు టాపు మీద ఏసుకొచ్చాడు నాయన. అంతకు ముందు మా మాదిగపల్లె ఇంటికి తడికే.

నాయన పని పెట్టెలు కొట్టడం. గోడలకూ నేలకూ పరిచే పలకరాయి విదేశాలకు పోయేది. దాని బరువుకు కింద పాలెట్టు గట్టిగా ఉండాల. మూడు వరసల దిమ్మెలు, పైనా కిందా అడ్డచెక్కలు, నడిమిన ఫోర్క్‌లిఫ్టు కొమ్ములు దూరే సందు. "చెక్కలో కాదురా అబ్బోడా, సందులో ఉంది పనంతా" అనేవాడు.

దేశం లోపల తిరిగే పాలెట్టు ఒక పట్టాన చావదు. ఒక గోడౌన్లో సబ్బులు దించి, ఇంకో ఊళ్లో మందులెత్తుకొని, విరిగిన చెక్క మార్పించుకొని మళ్లీ లారీ ఎక్కుద్ది. మా రాయితో ఓడెక్కింది మాత్రం అటే పోయేది. ఓడెక్కాలంటే ముద్ర కావాల. 2002లో దేశాలన్నీ ఒప్పుకున్న నియమం అది. చెక్క నడిగర్భం దాకా 56 డిగ్రీల వేడి, ఆపకుండా 30 నిమిషాలు తగలాల. మన పురుగు వాళ్ల అడవికి పాకగూడదు. న్యాయమే. అప్పుడు గోధుమ కంకి బొమ్మ, మన దేశానికి 'ఐఎన్', వేడికి 'హెచ్‌టి' అని ముద్రేస్తారు.

నాయన కూర్చునే చోటికి పక్కనే రాయి కోసే మిషన్లు. తెల్లారి పోయినోడు సాయంత్రానికి బూడిద పూసుకున్నట్టు వచ్చేవాడు. దగ్గు మొదలైంది. డాక్టర్లు టీబీ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగించారు. చివరికి ఒకాయన ఫిల్ము చూసి రాతి దుమ్మన్నాడు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో సిలికోసిస్ పేరుండేది. ఆ పేజీ పట్టుకొని, కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిన ధైర్యంతో పోయాను. "మీ నాయన ఇక్కడ పనిచేసినట్టు కాగితం చూపించండి సారూ" అన్నారు. వారం కూలోడికి కాగితం యాడిది? నన్ను 'సారూ' అన్నందుకు ఇంకా మండింది. నాయనకు వాళ్లు టీ పోసింది వేరే గ్లాసులో.

ఒకరోజు నాయన తలుపు మీద ముద్రను వేలితో తడిమి, "ఏం రాసుందిరా దీని మీద?" అన్నాడు. అన్నేళ్లు ఆ చెక్కలకు మేకులు కొట్టినాయన. చదివి చెప్పాను. "దీనికి ఇంత చూశారా!" అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ చలికాలం దాటలేదు.

నిరుడు తలుపు అడుగుచెక్కను చెదలు తినింది. వేరే చెక్క కొట్టాను. ముద్రున్న చెక్క బాగానే ఉంది, దాన్ని కదిలించలేదు.