లాసు

ఇంగ్లీషుకు కులం లేదని మా వాడలో చెప్పనోళ్లు లేరు. చర్చిలో పాస్టరు చెప్పాడు, యువజన సంఘం అన్నలు చెప్పారు, బంగ్లాల్లో అంట్లు తోమే మా అమ్మ కూడా చెప్పింది. తెలుగులో 'ఒరేయ్' ఉంది, 'ఏందిరా' ఉంది, 'అండీ' ఉంది. ఇంగ్లీషులో దొరకైనా జీతగానికైనా ఒకటే 'యూ'. ఇంతకన్నా సమానత్వం ఎక్కడుందిరా అనేవాడు మా అన్న. నేనూ నమ్మాను. ఇప్పటికీ సగం నమ్ముతాను.

మాది అల్వాల్. సికింద్రాబాద్ పుట్టిందే పటాలం కోసం. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో కంపెనీ పటాలం తిష్ట వేసింది. 1806లో సికిందర్ జా పేరు మీద ఊరికి పేరొచ్చింది. తర్వాత తిరుమలగిరి, బొల్లారం దిక్కు బారకులు లేచాయి. బారకులుంటే గుర్రాలు, గుర్రాలుంటే జీన్లు, జీన్లుంటే తోలు, తోలుంటే మాదిగలు. మా వంశవృక్షం ఇదే. ఇప్పటికీ సికింద్రాబాద్ నుంచి రైల్లో వస్తే అల్వాల్‌కు ముందు స్టేషను పేరు కావల్రీ బ్యారక్స్.

మా తాత పటాలానికి జీన్లు, బూట్లు కుట్టాడు. తెల్లోళ్లు పోయినంక లాల్‌బజార్‌లో చెట్టు కింద పెట్టె పెట్టుకున్నాడు. తాతకు ఇంగ్లీషు వచ్చు. చదవరాదు, రాయరాదు, కానీ వచ్చు. స్ట్రాప్, బకిల్, స్టిరప్, సోల్, హీల్, టుమారో సాబ్. క్రియలు లేని ఇంగ్లీషు అది. క్రియలన్నీ దొర దగ్గరుండేవి: కమ్, గో, బ్రింగ్, గెటౌట్.

నేను ఆరో తరగతిలో ఏబీసీడీ దిద్దాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. 1990లో బ్యాంకు క్లర్కు పరీక్షకు దరఖాస్తు పెట్టాను. అప్పుడు ఆ పరీక్షలు బీఎస్సార్బీలు పెట్టేవి, 2001లో వాటిని ఎత్తేశారు. లెక్కలు, రీజనింగు ఎట్లనో గట్టెక్కేవి. ఇంగ్లీషు దగ్గరే మా వాడ పిలగాళ్లందరి బండి ఆగేది. గ్రామరు, వొకాబులరీ, కాంప్రహెన్షను. ఆ మూడు మాటలు పలకడానికే మాకు వారం పట్టింది.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద రెన్ అండ్ మార్టిన్ పాతది పదిహేను రూపాయలకు కొన్నాను. ఇండియాలో ఉన్న ఇంగ్లీషు అధికారుల పిల్లల కోసం రాసిన గ్రామరు అని దానికి పేరు. అంటే మా తాత ఎవరి బూట్లు కుట్టాడో వాళ్ల పిల్లల పుస్తకం. అది మా ఇంటికి రావడానికి మూడు తరాలు పట్టింది, అదీ అట్ట చిరిగి.

ఇంట్లో కరెంటు ఉంటే ఉండేది, పోతే పోయేది. నేను, ఇంకో ఇద్దరు అల్వాల్ స్టేషను ప్లాట్‌ఫారం మీద కూసొని చదివేవాళ్లం. అప్పుడింకా అది మీటర్ గేజ్ లైను. బండ్లు తక్కువ, దీపాలు రాత్రంతా ఉండేవి. 'ఎ', 'ఆన్', 'ద' మాకు కొరకరాని కొయ్యలు. తెలుగులో అసలు లేనివాటిని ఎక్కడ పెట్టాలో ఎట్ల తెలుస్తుంది? నియమాలతో కాలేదు. రోజుకో పేరా చూడకుండా రాసి, పుస్తకంతో సరిచూసి, ఎర్ర పెన్నుతో దిద్దుకున్నాం. ఆర్నెల్లకు చెయ్యే చెప్పడం మొదలుపెట్టింది. కుట్టుపని కూడా ఇంతే, లెక్క చెయ్యికి రావాలె అనేవాడు తాత.

వొకాబులరీ వేరే కథ. పాత క్యాలెండరు కాయితాల వెనక రోజుకు పది మాటలు రాసుకునేవాణ్ణి. ఒకరోజు 'పరయా' అనే మాట వచ్చింది. అర్థం: వెలివేయబడినవాడు. డిక్షనరీలో చూస్తే తమిళం నుంచి పోయిన మాట. పర అంటే డప్పు. డప్పు కొట్టే కులం పేరును తీసుకుపోయి తెల్లోడు తన భాషలో వెలికి పేరు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు మాట్లాడే ప్రతి దేశంలో ఆ మాట తిరుగుతున్నది. కులం లేని భాషలో మనకంటే ముందే మన కులం పోయి కూసున్నది! దానికి సరైన పర్యాయపదం నాలుగింట్లో గుర్తించాలి. గుర్తించాను. ఒక మార్కు.

కొన్నాళ్లు ఒక కోచింగు సెంటరుకు పోయాను. అక్కడ సారు 'వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్' చెప్తుండగా, చెప్పులు కుట్టేవాడు అంటే 'కాబ్లర్' అని వచ్చింది. దాంతోపాటు ఒక సామెత కూడా బోర్డు మీద రాశాడు: లెట్ ద కాబ్లర్ స్టిక్ టు హిజ్ లాస్ట్.

"చెప్పులు కుట్టేవాడు చివరిదాకా తన పనినే పట్టుకుని ఉండాలి. అంటే ఎవరి పని వాళ్లు చేసుకోవాలి, పైవాటికి ఎగబడకూడదు. మన పెద్దలు చెప్పిందే ఇంగ్లీషువాడూ చెప్పాడు చూడండి" అని సంతోషపడ్డాడు.

నేను లేచాను. "సార్, లాస్ట్ అంటే చివర కాదు సార్. బూటు కుట్టేటప్పుడు లోపల పెట్టే కట్టె పాదం. ఫర్మా."

"నీకెట్లా తెలుసు?"

"మా తాత దగ్గర ఉంది సార్. దొరలు లాస్ట్ అంటే, మా తాత లాసు అంటడు."

సారు డిక్షనరీ తెప్పించి చూశాడు. కరెక్టేనన్నాడు. శభాష్ అనలేదు. నా పక్కన కూసున్నవాడు నోట్సు కొంచెం అటు జరుపుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ సెంటర్లో నా పేరు 'లాస్ట్'. వాళ్లు ఏ అర్థంలో పిలిచారో నాకు తెలుసు. సరైన జవాబు చెప్తే కులం బయటపడే పరీక్ష ఇంకెవరికైనా ఉంటదా?

ఆ సామెత పుట్టుక తర్వాత చదివాను. గ్రీకు చిత్రకారుడు అపెలీస్ బొమ్మలో చెప్పు తప్పుగా ఉందని ఒక చెప్పుల పనివాడు చెప్తే దిద్దుకున్నాడట. మర్నాడు అతను కాలు కూడా బాగలేదన్నాడట. చెప్పు దాటి పైకి రాకు అన్నాడట అపెలీస్. రోమను రచయిత ప్లినీ రాశాడు దీన్ని. చెప్పు సంగతి నిజమే చెప్పాడు కదా, కాలు సంగతి కూడా నిజమేనేమో ఎవరైనా చూశారా? ప్లినీ ఆ మాట రాయలేదు.

1991 ఆగస్టులో మేం ప్లాట్‌ఫారం మీద 'వాయిస్' సాధన చేస్తున్నాం. ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఎనిమిది మంది మనవాళ్లను నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. కాంప్రహెన్షను కోసమని మేం తెచ్చుకునే ఇంగ్లీషు పేపర్లో ఆ వార్త చదివాం. 'వర్ కిల్డ్' అని ఉంది. పాసివ్ వాయిస్. చంపబడ్డారు. 'బై' తర్వాత ఏమీ లేదు. కర్త తెలియనప్పుడు, చెప్పే అవసరం లేనప్పుడు 'బై'ని వదిలేయవచ్చని గ్రామరు నియమం. మాలో ఒకడు పెన్ను పెట్టి ఆ వాక్యాన్ని యాక్టివ్‌లోకి మార్చాడు, కర్తను పెట్టి. ఆ రాత్రి అదే మా అభ్యాసం, పేపరంతా. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులన్నది. వాక్యం మళ్లీ పాసివ్‌లోకి పోయింది.

చుండూరు తర్వాతే కాంప్రహెన్షనుకు గైడు పుస్తకాలు మానేశాను. వాటి పేరాల్లో ఎప్పుడూ కొండ మీద సెలవులు, తాతగారి తోట, కుక్కపిల్ల. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వేస్తున్న అంబేద్కర్ రచనల మొదటి సంపుటం ఒక అన్న దగ్గర దొరికింది. అందులో 1936 నాటి కుల నిర్మూలన ప్రసంగం. లాహోర్ వాళ్లు రమ్మని పిలిచి, రాసింది చూసి సభే రద్దు చేసుకుంటే, సొంత ఖర్చుతో 1500 కాపీలు అచ్చేశాడు. రెండు నెలల్లో అయిపోయాయి. ఒక్కో పేజీకి నాకు గంట పట్టేది. ఆయన వాక్యాల్లో కర్త ఎక్కడా దాక్కోడు. ఎవరు చేశారు, ఎవరికి చేశారు, ఏ శాస్త్రం చూపి చేశారు, అన్నీ ఉంటాయి. గైడు పుస్తకం రెండేళ్లలో నేర్పని ఇంగ్లీషు అది. మూడో ప్రయత్నంలో ఉద్యోగం వచ్చింది. ఆ సంగతికి ఇంతకంటే చోటు అక్కర్లేదు.

ఇప్పుడు ఆదివారాలు మా వాడ కమ్యూనిటీ హాల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. కాలం మారింది. 2021లో కేంద్రం నిర్ణయించాక క్లర్కు పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు, ఇంగ్లీషు భాగం తప్ప. ప్రిలిమ్స్‌లో దానికి 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, తప్పుకు పావు మార్కు కోత. అన్నీ ఫోన్లో మాక్ టెస్టులే. హాల్లో బెంచీలు చాలవు, చాపలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలె. పేరా చదవగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: కర్త ఎవరు?

పోయిన వారం ఒకమ్మాయికి మ్యాన్‌హోల్లో దిగి చనిపోయిన కార్మికుల మీద పేరా వచ్చింది. రచయిత 'టోన్' ఏమిటని ప్రశ్న.

"పెద్దనాయినా, మా నాయిన గూడ డ్రైనేజీ పనికే పోతడు. ఈ నాలుగిట్ల కోపం అనే ఆప్షనే లేదు" అన్నది.

"ముందు 'క్రిటికల్' నొక్కు బిడ్డా, టైమైపోతుంది" అన్నాను.

నొక్కింది. ఇంకా ఎనిమిది ప్రశ్నలున్నాయి.