బానిస తిరిగి వచ్చిన దేశము



దేవుని కృపవలన మేము దంపతులము ఒక మార్చి 17వ తేదీన ఉత్తర ఐర్లండులోని డౌన్‌పాట్రిక్ అను చిన్న పట్టణములో ఉంటిమి. ఆ దినము ఐరిష్ ప్రజలకు పెద్ద పండుగ. ఐదవ శతాబ్దములో తమకు సువార్త ప్రకటించిన పాట్రిక్ భక్తుడు ఆ దినమున ప్రభువునందు నిద్రించెనని వారి నమ్మకము.

వీధులలో పిల్లలు, పెద్దలు ఆకుపచ్చని బట్టలు తొడిగి, షామ్‌రాక్ అను మూడాకుల మొక్కను కోటుకు గుచ్చుకొని, బ్యాండు మేళముతో ఊరేగుచుండిరి. పాట్రిక్ ఆ ఆకును చూపి త్రిత్వమును బోధించెననియు, పాములను వెళ్లగొట్టెననియు కథలు చెప్పుదురు. ఆయన వ్రాసిన రెండు పత్రికలలో ఇవి కనబడవు. ఊరేగింపులకు పేరు తెచ్చినది అమెరికాకు వలసపోయిన ఐరిష్ వారే. న్యూయార్కులో 1762లోనే జరిగినది. నేడు అనేకచోట్ల ఈ పండుగ త్రాగుడుకు సాకైనది. మన ఊళ్లలో క్రిస్మసు రాత్రులు ఎరిగినవారము, వారిని వేలెత్తి చూపజాలము.

పాట్రిక్ తన సాక్ష్యము తానే వ్రాసెను. తండ్రి సంఘ పరిచారకుడు, తాత గురువు. అయినను తాను దేవుని ఎరుగడు. పదునారేండ్ల ప్రాయములో దోపిడిగాండ్రు ఆయనను బ్రిటనునుండి పట్టుకొనిపోయి ఐర్లండులో బానిసగా చేసిరి. ఆరు సంవత్సరములు మంద కాచెను. మంచులో, వానలో పగలు నూరు ప్రార్థనలు, రాత్రి ఇంచుమించు అన్నియే చేసెను. తప్పించుకొని ఇల్లు చేరిన తరువాత, ఐర్లండు వారు తనను మరల రమ్మని పిలిచినట్లు కల కనెను. ఇక విడిచిపోవద్దని ఇంటివారు బతిమాలిరి. ఆయన వెళ్లెను.

సమీపమందలి సాల్ గ్రామములో ఒక ధాన్యపు కొట్టమే ఆయన మొదటి గుడి అందురు. మన సంఘములలో ఎన్ని పశువులపాకలో మొదలు కాలేదు! ఆ గుడినుండి డౌన్ కెథడ్రలు వరకు ప్రొటెస్టంటులు, కథోలికులు కలిసి నడచిరి. 1998 ఒప్పందమునకు ముందు ముప్పది ఏండ్లు ఆ రెండు వర్గములమధ్య రక్తము ప్రవహించిన దేశమది. మేమును వారితో నడచితిమి. పాట్రిక్ సమాధి అని చెప్పు పెద్ద గ్రానైటు రాతిమీద పూలహారము ఉంచిరి.

అక్కడ నిలువగా మాకు మన జిల్లాలోని ఒక గ్రామము జ్ఞాపకము వచ్చెను. పదేండ్ల క్రిందట అక్కడ కూటము పెట్టబోగా మమ్మును అవమానించి పంపివేసిరి. నాటినుండి ఆ దారి త్రొక్కలేదు. ఆ మాట చెప్పగా మా ఇంటివారు మెల్లగా, “ఏమండీ, వాళ్లు మనలను ఆరు గంటలైనా కట్టి ఉంచలేదు కదా!” అనిరి. జవాబు దొరకలేదు.

తిరిగి వచ్చిన వారములోనే ఆ గ్రామమునకు వెళ్లితిమి. ప్రసంగము చేయలేదు. ఒక అవ్వగారు తన అరుగుమీద కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చిరి. త్రాగి, క్షేమసమాచారము అడిగి వచ్చితిమి. మరల రమ్మనిరి. ఆ గ్రామము కొరకు ప్రార్థించుడి.