రేకు కింద ప్లేటు

తాడ్వాయి దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి దగ్గరికొస్తుంది. వరంగల్ నుంచి ములుగు, పస్రా మీదుగా వంద కిలోమీటర్లకు పైబడి వెళితే ఏటూరునాగారం. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా. అభయారణ్యం, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆఫీసు, ఇంకొంచెం ముందుకు పోతే గోదావరి మీద ముల్లకట్ట వంతెన. ఊరి పేరు వినగానే గుర్తొచ్చేవి ఇవే. నేను వెళ్లింది మాత్రం ఓ రేకుల షెడ్డుకు. ట్రాక్టర్ ట్రాలీలు, ఆటోలు బాగుచేసే ఆ షెడ్డులో చక్రాలు విప్పేసిన పాత మారుతీ జిప్సీ ఒకటి స్టాండ్ల మీద నిలబడి ఉంది.

జిప్సీ ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1985లో వచ్చిన ఈ బండి అటవీ శాఖకూ, సైన్యానికీ, పోలీసులకూ ఎంత పనికొచ్చిందో, మన దేశంలో ర్యాలీ పోటీలకూ అంతే పనికొచ్చింది. తేలిక బండి, నాలుగు చక్రాలకూ డ్రైవ్. తక్కువ డబ్బుతో ర్యాలీలోకి దిగాలనుకునే కుర్రాళ్ల కన్ను ముందు దీని మీదే పడుతుంది. షెడ్డులో ఉన్న బండిని హనుమకొండ కుర్రాడొకరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బోల్తా పడినా లోపలి మనిషిని కాపాడే పైపుల చట్రం, అంటే రోల్ కేజ్ ఉంది, బకెట్ సీట్లున్నాయి, ఆరు చోట్ల బిగించే ఎర్రటి సిక్స్ పాయింట్ బెల్టులున్నాయి. చూడ్డానికి అన్నీ అమరినట్టే. అభయారణ్యంలో ర్యాలీలు జరగవు. అతని చూపంతా చిక్కమగళూరు, కోయంబత్తూరు పోటీల మీద ఉంది.

"బెల్టు మంచిదే సార్. మరి దాన్ని పట్టుకునేది ఏంది? గీ రేకు," అంటూ షెడ్డు మేస్త్రీ డ్రైవర్ సీటు పక్కన మ్యాట్ ఎత్తాడు. ఫ్లోర్ రేకుకు రంధ్రం చేసి బోల్టు దించారు. కింద రూపాయి బిళ్లంత వాషరు, దాని కింద నట్టు. అంతే. టార్చి వేసి కింది నుంచి చూస్తే వాషరు చుట్టూ రేకు గిన్నెలా లోపలికి గుంజుకుని ఉంది. ఒక పక్క వెంట్రుకంత పగులు. మేస్త్రీ స్పానర్ కొస ఆ పగులులో పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పితే రేకు అప్పడంలా కదిలింది. ఇంకా ఏ ప్రమాదమూ జరగకముందే, గతుకుల్లో తిరిగినందుకే అది అలా అయింది. కుర్రాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ బోల్టు మీద పడే బరువెంతో లెక్క వేసుకోవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి చెట్టుకు తగిలి అర మీటరులో ఆగిపోయిందనుకుందాం. ఆ క్షణంలో మనిషి తన బరువుకు దాదాపు ఇరవై రెట్ల బలంతో ముందుకు దూకుతాడు. 70 కిలోల మనిషైతే 14 క్వింటాళ్లు. మిర్చి, పత్తి తూకాలు తెలిసిన ఊరిలో ఈ అంకెను ఇంకోలా చెప్పనక్కర్లేదు. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ నియమం ప్రకారం నడుము, భుజాల బెల్టులు బిగించే ఒక్కో చోటూ 1470 డెకాన్యూటన్లను, అంటే దాదాపు 15 క్వింటాళ్ల లాగుడును తట్టుకోవాలి. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీల దగ్గర అందులో సగం చాలు. వాషరు మీద నమ్మకం పెట్టి అంత బరువు మోయించడం కుదిరే పని కాదు.

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు, అసలు బాధ కలిగించేది అదే. 3 మిల్లీమీటర్ల మందం ఉక్కు ప్లేటు, వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లకు తగ్గకుండా, అంటే ఆరున్నర సెంటీమీటర్ల చదరం. దాన్ని రేకుకు కింది వైపు ఆనించి బిగిస్తే బోల్టు లాగుడు ఒక్క చుక్క మీద కాక రేకంతటా పరుచుకుంటుంది. మేస్త్రీ ఇంకాస్త పెద్దవే కోశాడు. కోసిన వెంటనే మూలలు గ్రైండర్‌తో గుండ్రంగా అరగదీశాడు. మూల వాడిగా ఉంటే ప్లేటే రేకును కత్తిలా చీలుస్తుందట. బోల్టులు 12 ఎంఎంవి. ప్రతిదాని తల మీదా 8.8 అంకె ఉందో లేదో బొటనవేలితో తుడిచి మరీ చూశాడు. ఆ అంకె ఉక్కు బలానికి గుర్తు. అంకె లేని బోల్టులు నాలుగు దొరికితే తీసి ట్రాలీ పనుల డబ్బాలో పడేశాడు.

భుజాల పట్టీల దగ్గర పని నిదానించింది. వీటిని సీటు వెనక రోల్ కేజ్ అడ్డ పైపుకు చుట్టాలి. సీటుకు గానీ సీటు కాళ్లకు గానీ బిగించకూడదు. సీటు వీపు మీది రంధ్రం నుంచి పైపు దాకా మేస్త్రీ ఒక దారం కట్టాడు. ఇల్లు కట్టేటప్పుడు వాడే రసమట్టం తెప్పించి దాని పక్కన పట్టాడు. దారం మట్టంగా గానీ వెనక్కి పది డిగ్రీలకు మించని వాలుతో గానీ ఉంటే మంచిది, 45 డిగ్రీలు దాటితే నియమమే ఒప్పుకోదు. ఈ బండిలో పాత వాళ్లు పట్టీలను నేరుగా కిందికి తెచ్చి వెనక ఫ్లోరుకు బిగించారు. అలా ఉంటే గుద్దుకున్నప్పుడు పట్టీ మనిషిని వెనక్కి ఆపడంతో పాటు భుజాలను కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడంతా వెన్నుపూస మీద పడుతుంది. ప్రాణం కాపాడాల్సిన బెల్టే నడుము విరగ్గొట్టేలా తయారవుతుంది.

నడుము పట్టీ పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద కూర్చోవాలి. తొడల మధ్య పట్టీలు దాన్ని పైకి జరగనివ్వవు, మనిషిని కిందికి జారిపోనివ్వవు. కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, రెండు చేతులతో గట్టిగా గుంజి చూశాకే మేస్త్రీ రంధ్రాలకు గుర్తులు పెట్టాడు. కొలతలు మనిషిని బట్టి, ఖాళీ సీటును బట్టి కాదు. బెల్టు లేబుల్ మీద చెల్లుబాటు ఏడాది ఉంటుంది. కుర్రాడి బెల్టులకు అది ఎప్పుడో దాటిపోయింది. ఎండకు రంగు వెలిసిన చోట పట్టీ గరుకుగా తగులుతోంది. పోటీకి ముందు జరిగే స్క్రూటినీలో వీటిని పక్కన పెడతారు. పెట్టాలి కూడా.

మామూలు కార్ల గురించీ ఒక మాట చెప్పాలి. స్టైల్ కోసం రోడ్డు కార్లలో ఫోర్ పాయింట్ బెల్టులు బిగించుకునేవాళ్లు పెరుగుతున్నారు. రోల్ కేజ్ లేని కారు బోల్తా పడి టాపు అణిగితే, ఆ బెల్టు మనిషిని నిటారుగా పట్టి ఉంచుతుంది, తల పక్కకు వంచుకోనివ్వదు. రోడ్డు మీద కంపెనీ ఇచ్చిన త్రీ పాయింట్ బెల్టే సరైనది. దాన్ని వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తెచ్చాడు.  ఇన్నేళ్లయినా దాన్ని పెట్టుకోవడం మనకు అలవాటు కాలేదు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర జరిగిన కారు ప్రమాదంలో నటుడు నందమూరి హరికృష్ణ కన్నుమూసినప్పుడు, ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ వార్త చదివి బాధపడినవాళ్లలో ఎందరు మర్నాడు బెల్టు పెట్టుకున్నారో!

సాయంత్రానికి రెండు ప్లేట్లు బిగిశాయి. పగిలిన చోట రేకు కోసి కొత్తది అతికించాల్సి ఉంది. కుర్రాడు స్టిక్కర్లకూ, కొత్త లైట్లకూ దాచిన డబ్బు ఇక కొత్త బెల్టులకు పోతుంది. "పెయింట్ తర్వాత ఏస్కోవచ్చు తమ్మీ," అని మేస్త్రీ అంటే తలూపాడు.

పాత ర్యాలీ బండి కొనాలనుకునే తమ్ముళ్లారా, ఇంజన్ స్టార్ట్ చేసి చప్పుడు వినడానికి ముందు మ్యాట్ ఎత్తండి. టార్చి పట్టుకుని బండి కింద పడుకుని బెల్టు బోల్టులన్నీ ఒక్కొక్కటిగా చూడండి. ప్లేటు లేకపోతే ఆ పనికయ్యే ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. అది బిగించేదాకా బండిని ర్యాలీ పోటీకి తీసుకెళ్లకండి.