దండెం మీది పొత్తిగుడ్డలు

పసిబిడ్డ ఉన్న ఇంటిని ఒకప్పుడు దండెం చూసే గుర్తుపట్టేవాళ్లు. దుమ్ముగూడెం వైపు, గోదారికి కాస్త ఎడంగా ఉండే మా ఊళ్లో, వాకిట్లో వేపచెట్టు నుంచి పెంకుటింటి వాసానికి కట్టిన తాడు మీద తాత పాత పంచెల ముక్కలు, నాయనమ్మ నేతచీరలు చిరిగిపోగా మిగిలిన మెత్తటి భాగాలు, అంచు కత్తిరించేసిన దుప్పటి పేలికలు మూరెడు మూరెడు చదరాలుగా ఆరుతుండేవి. వాటిలో కొత్తగుడ్డ ఒక్కటీ ఉండేది కాదు. కొత్తది గరుకు, గంజి బిరుసు, పసి ఒళ్లు ఒరుసుకుపోతుందని, ఏళ్లతరబడి ఉతికి ఉతికి పలచబడ్డ నూలుగుడ్డనే పురుటికి ముందు నుంచీ చింపి, మడతపెట్టి, వేపాకు వేసి ట్రంకుపెట్టెలో దాచేవాళ్లు. ఆ గుడ్డలకు ఒక వాసన ఉండేది, ఇప్పుడు తలుచుకున్నా ముక్కుకు తగులుతుంది: ఎండ, 501 బార్ సబ్బు, సాంబ్రాణి పొగ, వీటన్నిటి అడుగున ఎంత ఉతికినా పోని పలచటి ఉచ్చకంపు.

అవి కూడా ఎల్లకాలం కట్టేవాళ్లు కాదు. మెడ నిలిచిన దగ్గర నుంచే నాయనమ్మ కాళ్లకు పని మొదలయ్యేది. పొద్దున లేవగానే, పాలు తాగిన కాసేపటికి, పగటినిద్ర తీరిన వెంటనే, పెరట్లో చిన్న పీట మీద కూచుని, రెండు పాదాలూ దగ్గరకు చేర్చి, మధ్యలో కొంచెం సందు వదిలి, ఆ పాదాల మీద బిడ్డను తనవైపు తిప్పి కూచోబెట్టుకుని, చంకల కింద చేతులు వేసి, పళ్ల సందుల్లోంచి గాలి తెగకుండా ఉస్స్ అంటూ ఉండేది. ఆముదం పట్టించి సున్నిపిండితో నలిచి నీళ్లు పోసేదీ ఆ కాళ్ల మీదే కాబట్టి, బిడ్డకు అక్కడ భయం ఉండేది కాదు. ఆ శబ్దం వినీ వినీ ఒళ్లు దానికి అలవాటు పడేది. రాకపోతే "ఇప్పుడు రాదులే" అని లేచి ఎత్తుకునేది తప్ప విసుక్కున్న గుర్తు నాకు లేదు. ఇంతకూ ఆ పనంతా కాళ్లతో అయ్యేది కాదు, కళ్లతో అయ్యేది. అరుగు మీద మినుములు చెరుగుతున్న మేనత్తో, పొయ్యి దగ్గర అమ్మో, ఊరికే పొద్దుపోక వచ్చి కూచున్న పక్కింటి ముసలమ్మో, ఎవరో ఒకరి చూపు బిడ్డ మీద ఉండేది. పిల్ల ఆట ఆపి ఒకచోట నిలబడిపోయినా, గుంజ పట్టుకుని మొహం ఎర్రగా పెట్టినా, "పిల్ల ముక్కుతంది, తీస్కపోవే" అని ఎవరి నోట్లోంచో మాట వచ్చేది.

అందరి కళ్లూ తప్పి లోపలే అయిపోతే, నేల మట్టిది. పొయ్యిలోని బూడిద గుప్పెడు చల్లి, చీపురుతో చేటలోకి ఎత్తి, పేడనీళ్లతో అంతమేర అలికేసేవాళ్లు. మట్టినేల మరకను మింగేసేది. అందుకే దాని మీద పెరిగిన పిల్లకు తడిపినందుకు దెబ్బలు తక్కువ. గచ్చు వచ్చి, దాని మీద నాపరాళ్లు వచ్చి, ఇప్పుడు తెల్లటి టైల్స్ వచ్చాక, పెద్దవాళ్ల ఓపిక కూడా నేలతో పాటే మారింది.

లాగు మాట చాలా ఆలస్యంగా వచ్చేది. మొలతాడు, దానికి కట్టిన తాయెత్తో, రాగిపైసో, ఆడపిల్లయితే ఉన్నవాళ్ల ఇళ్లల్లో వెండి సిగ్గుబిళ్ల, పైన ఒక పొట్టి చొక్కా, అంతే. కింద గుడ్డ లేకపోవడమే సగం శిక్షణ. తడి కాళ్ల మీదుగా కారి చల్లగా తగిలితే ఏమైందో ఆ పిల్లకే తెలిసేది, పరిగెత్తి పెరట్లోకి పోతే విప్పాల్సింది ఏమీ ఉండేది కాదు. మొదటి లాగు సాధారణంగా భద్రాచలంలో శ్రీరామనవమికో, ముక్కోటికో కుట్టించేవాళ్లు, సీతారాములను చూడటానికి వెళ్లే జనంలో పిల్లవాడు బోసిమొలతో ఉంటే బాగుండదని. నాన్న చొక్కాకు తీసుకున్న గుడ్డలో మిగిలిన ముక్కతోనే దర్జీ నాడా లాగు కుట్టేవాడు. ఆ నాడా ముడి పడి ఊడక, పిల్లవాడు గెంతుతూ, తల్లి పళ్లతో ముడి విప్పుతూ ఉండగానే లాగు తడిసిపోవడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. ఎలాస్టిక్ వచ్చి పిల్లలకు చేసిన మేలు ఎవరూ ఎక్కడా రాయలేదు.

చర్ల దారిలో అడవి మొదలయ్యే చోట కోయగూడేల్లో గుడ్డలు ఇంకా తక్కువ. పోడుచేలో పనికి పోయిన తల్లి చెట్టుకొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టేది, ఎండాకాలం తునికాకు కోతకు పోతే బిడ్డ వీపునో చంకనో చీరమూటలో ఉండేది. ఒంటికి ఒళ్లు ఆనుకుని ఉండటం వల్ల బిడ్డ కాస్త మెలికలు తిరిగినా తల్లికి తెలిసిపోయేది, మూటలోంచి తీసి పక్కకు పట్టుకునేది, టేకాకు తెంపి తుడిచేది.

ఇదంతా తలుచుకుంటుంటే కమ్మగానే ఉంటుంది, కానీ ఆ దండెం నిండా గుడ్డలు ఆరాలంటే ఎవరో ఒకరి నడుం విరగాలి. పురుటిగుడ్డలు చాకలామె తట్టలో వేసుకుపోయేది. ఎవరూ ముట్టని ఆ గుడ్డలకు ఆమెకు దక్కేది కొలత ధాన్యం, పూటకింత మిగిలిన కూర. ఆ తర్వాతి గుడ్డలు అమ్మవే. తెల్లవారుజామున, చలికాలపు మంచులో, బావి దగ్గర, ముందు ఒక బండ మీద దులిపి, తర్వాత ఇంకో బండ మీద ఉతికి. తల్లి పొలానికి పోతే బిడ్డ అక్క చంకనెక్కేది. ఆ అక్క బడి అక్కడితో ఆగేది. మా వీధిలో చంకన తమ్ముణ్ణో చెల్లినో మోస్తూ బడి కిటికీ బయట నిలబడిన ఆడపిల్లల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. చేటలోకి ఎత్తింది పెంటకుప్ప మీదికి పోయేది, ఒక్కోసారి కుక్కను పిలిస్తే అదే శుభ్రం చేసేది. చంటిపిల్లల మలంతో దోషం లేదని అందరూ నమ్మేవాళ్లు. పెద్దవాళ్ల మలం కంటే పిల్లల మలంలోనే రోగక్రిములు ఎక్కువగా ఉండొచ్చని మాకెవరూ చెప్పలేదు. వానాకాలం వాంతులు, విరేచనాలతో పోయిన పిల్లలను దిష్టి లెక్కలో, గాలి లెక్కలో వేసేవాళ్లు. కడుపులో పురుగులు లేని పిల్లవాడే ఉండేవాడు కాదు. 2015 నుంచి ఏటా ఫిబ్రవరిలో అంగన్‌వాడీల్లో, బడుల్లో నులిపురుగుల మాత్ర మింగించడం మొదలైంది కానీ, మా తరానికి పొట్ట ఉబ్బుకుని ఉండటమే పసితనపు రూపం.

వానాకాలంలో గుడ్డలు ఆరేవి కావు. కుంపటి మీద వెదురుగంప బోర్లించి, దాని మీద పరిచి పొగబెట్టి ఆరబెట్టేవాళ్లు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకు వచ్చినప్పుడు ఆ కుంపటీ లేదు. మెరక మీది బడిలో కుటుంబాలకు కుటుంబాలు తలదాచుకున్నాయి. ఒక్క పొడిగుడ్డ కోసం తల్లులు తమ కొంగులు చింపుకుంటుంటే చూశాను. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు మా ఇంటికి చేరిన బంధువుల పిల్ల, సంచిలో ముందుగా సర్దుకున్నవి చంటిదాని డైపర్లు. నాలుగు రోజులూ ఆ బిడ్డ పొడిగా నిద్రపోయింది, తల్లి కూడా నిద్రపోయింది. ఆ నిద్ర చూశాక డైపర్‌ను తిట్టడానికి నాకు నోరు రాదు.

అమెరికాలో పాంపర్స్ అనే డైపర్ 1961లో అంగట్లోకి వచ్చింది. మరుసటి ఏడే, 1962లో, టి. బెర్రీ బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు 1,170 మంది పిల్లల వివరాలతో ఒక వ్యాసం రాసి, మలమూత్రాల అలవాటులో బలవంతం వద్దు, బిడ్డ తనంత తాను సిద్ధమయ్యేదాకా ఆగండి అన్నాడు. ఆ పిల్లలకు పగటిపూట అలవాటు కుదిరిన సగటు వయసు 28.5 నెలలు. 1977లో డెవ్రీస్ దంపతులు తూర్పు ఆఫ్రికాలోని డిగో తల్లుల గురించి రాశారు. వాళ్లు పుట్టిన కొద్ది వారాల నుంచే బిడ్డను ఒళ్లో పట్టుకుని నోటితో శబ్దం చేస్తారు, అయిదారు నెలలకే బిడ్డ ఆ శబ్దానికి పలుకుతుంది. అది చదివినప్పుడు నాకు నాయనమ్మ పాదాలే కనపడ్డాయి. రెండూ నిజమే అనిపిస్తుంది. ఇంటి నిండా మనుషులున్న చోట ఆ తల్లుల దారి నడుస్తుంది, ఒక్కతే ఉన్న తల్లికి డాక్టరు మాటే దిక్కు.

మా వైపు డైపర్ ముందు ప్రయాణాల కోసం వచ్చింది, తర్వాత రాత్రుల కోసం, ఆపైన పూటపూటకూ. ఇప్పుడు సంతలో కూడా విడిగా ఒక్కోటి అమ్ముతున్నారు, తాడుకు వేలాడే షాంపూ పొట్లాల పక్కన. దాని కడుపులోని గుజ్జు ఎక్కువగా అమెరికా దక్షిణ రాష్ట్రాల పైన్ చెట్లదని తెలిసినప్పుడు, గోదారి ఒడ్డున సారపాక కాగితం మిల్లుకు లారీల్లో పోయే జామాయిల్, సుబాబుల్ దుంగలు చూస్తూ పెరిగినవాడిని కాసేపు అలా ఉండిపోయాను.

ఖమ్మంలో మా కోడలు ఇప్పుడు రెండు దాటిన మనవరాలికి డైపర్ మాన్పిస్తోంది. మూడో అంతస్తు ఫ్లాటు, పగలంతా తానూ పిల్లా ఇద్దరే. బాతు బొమ్మ పాటీ సీటు, పువ్వులున్న చెడ్డీలు డజను, ఫోన్లో గంటకోసారి మోగే అలారం. మనవరాలు పాటీ మీద కూచుని బుద్ధిగా కబుర్లు చెప్పి, లేచి, సోఫా వెనక్కి పోయి నిలబడుతుంది. తడి అంటే ఏమిటో దాని ఒంటికి తెలియదు, ఇన్నాళ్లూ డైపర్‌లోని జెల్ తెలియనివ్వలేదు. ఒకనాడు మంచం మీద పోసి భయంతో బిక్కమొహం వేసింది. కోడలు దాన్ని ఏమీ అనలేదు, గదిలోకి పోయి తానే ఏడ్చింది. ఎనిమిది మంది కళ్లు పంచుకున్న కాపలా ఇప్పుడు రెండు కళ్ల మీద పడింది.

వాడిన డైపర్లు వేరుగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి చెత్త నిబంధనలు చెప్పాయి. ఖమ్మంలో బండి వస్తుంది, కోడలు ఇస్తుంది. మా ఊళ్లో పంచాయతీ ట్రాక్టరు వచ్చినా కొందరు వాగులోకే విసురుతారు. వాన పడితే అవి నీళ్లు తాగి ఉబ్బి తుమ్మకంపకు పట్టుకుని, వేసవిదాకా అక్కడే ఉంటాయి. పాత గుడ్డ చినిగి చినిగి చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డై మాయమయ్యేది.

"మామయ్యా, రాత్రిళ్లు ఏం చేసేదట నాయనమ్మగారు? ఎప్పుడు లేపాలో ఎట్లా తెలిసేది?" అని కోడలు అడిగింది. తెలిసినంత చెప్పాను: పిల్లను గోడవైపు కాక తనవైపు పడుకోబెట్టుకునేది, చెయ్యి మొలతాడు మీద ఉండేది, తొలికోడికి ముందే ఒకసారి ఎత్తేది. నిద్ర చెదరకుండా ఎలా ఎత్తేదో, బిడ్డ ఏ కదలికకు మెలకువ వచ్చేదో నాకు తెలియదు, ఆ పని మగపిల్లల కంటికి ఆనేది కాదు. చేసిన ఆడవాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు, వాళ్లను కూచోబెట్టి అడిగి రాసుకున్నవాళ్లూ మా ఊళ్లో లేరు. పగటిపూట ఈ వేసవిలో మాన్పించి, రాత్రికి ఇంకొన్నాళ్లు డైపరే ఉంచుదామని కోడలు అనుకుంటోంది. తొందరేమీ లేదని పిల్లల డాక్టరు కూడా చెప్పాడట. వచ్చే నెల నేనూ మా ఆవిడా అక్కడే ఉంటాం, సోఫా వెనక వైపు నేను చూస్తానన్నాను.