ఒక కొమ్ముకి పదిహేను రూపాయలు

మొన్న ఆదివారం బీరువా సర్దుతుంటే పాత ఫైల్లో 2010 ఆగస్టు నాటి ఫోను బిల్లొకటి బయటపడింది. మామూలుగా రెండు పేజీలుండే బిల్లు తొమ్మిది పేజీలుంది. లోపల ఎర్ర పెన్నుతో నేను గీసిన గీతలు, పక్కన ఆశ్చర్యార్థకాలు. పారేద్దామనుకున్నవాణ్ణి అక్కడే కింద కూర్చుని మొత్తం చదివేశాను. విదేశాలకెళ్ళి ఫోను బిల్లుతో చేతి చమురు వదిలించుకున్న వాళ్ళు మీలో చాలామందే ఉంటారు. నాది మాత్రం కాస్త వింత కేసు.

మా ఇల్లు పాతబస్తీలో, లాల్‌దర్వాజాలో. సింహవాహిని మహంకాళి గుడికి నాలుగు సందుల అవతల. ఆ ఏడు జులైలో ఆఫీసు వాళ్ళు మూడు వారాల పని మీద నన్ను మ్యూనిక్ పంపారు. సమస్యల్లా అమ్మతోనే. ఆవిడకి చెవులు సరిగా వినపడవు. ఎదురుగా నిలబడి గట్టిగా చెప్తే వింటుంది గానీ ఫోన్లో ఒక్క ముక్కా అర్థం కాదు. చదివింది ఏడో తరగతి, తెలుగు మీడియం. ఇంగ్లీషు అక్షరాలు రావు. అందుకని తెలుగు అక్షరాలున్న చిన్న ఫోనొకటి కొనిచ్చి, మా అక్క కూతురి చేత ఎస్సెమ్మెస్ కొట్టడం నేర్పించాను. ఒక్కో మెసేజికి అరగంట పట్టేది. అయినా భలే ఇష్టంగా కొట్టేది.

వెళ్ళేముందు రోమింగ్ రేట్లు చూసుకున్నాను. నా ప్లానులో అక్కణ్ణించి పంపే ఎస్సెమ్మెస్‌కి పదిహేను రూపాయలు. వచ్చేవి ఉచితం. అమ్మ కొట్టేది నా ఇండియా నంబరుకే కాబట్టి ఆవిడకి లోకల్ రేటు, రూపాయి. రోజుకి ఐదారు మెసేజిలు, మూడు వారాలు, మహా అయితే పంతొమ్మిది వందలు. లెక్క సరిపోయింది కదా అనుకుని విమానమెక్కాను.

ఆ మూడు వారాలూ బాగానే గడిచాయి. ఆషాఢం కదా, ఇక్కడ బోనాల హడావిడి. నాకు పొద్దున్నే లేవగానే అమ్మ మెసేజి సిద్ధంగా ఉండేది. ఇంటిముందు పందిరెట్లా వేశారు, ఘటం ఎటునుంచి వచ్చింది, పక్కింటివాళ్ళ కోడలు బోనమెత్తుకుని ఎట్లా తడబడింది, అన్నీ రాసేది. "నువ్వు లేకుంటే ఇల్లు బోసిగున్నది బిడ్డా" అని చివర్లో. ఫోన్లో నోటితో చెప్పలేని మనిషి, వేళ్ళతో ఇన్ని కబుర్లు చెప్పగలదని నాకు అప్పుడే తెలిసింది.

తిరిగొచ్చాక బిల్లొచ్చింది. 341 ఎస్సెమ్మెస్‌లు. ఒక్కోటి 15 చొప్పున 5,115 రూపాయలు. దానిమీద అప్పటి సర్వీస్ టాక్సు 10.3 శాతం. వెరసి 5,641 రూపాయల 85 పైసలు. ఫోను అద్దె, మిగతావి వేరే!

నా ఫోన్లో పంపినవి లెక్కపెడితే 118. మరి 341 ఎక్కణ్ణించొచ్చాయి? వివరాల పేజీలు తిరగేస్తే, ఒకే నంబరుకి ఒకే నిమిషంలో రెండేసి, మూడేసి, నాలుగేసి సార్లు పడున్నాయి. దొరికింది రా దొంగ అనుకున్నాను. వాళ్ళ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డూప్లికేట్ ఎంట్రీల బగ్ ఇది. రాసేది కూడా మనలాంటి వాళ్ళే కదా! కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అరగంట లెక్చరిచ్చాను. పాపం ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "సార్, లాంగ్ మెసేజెస్ అయుంటాయి సార్" అంది. "ఒక్క లైను కూడా లాంగేనా?" అని ఎగిరాను.

ఇంతలో ఇంట్లో ఇంకో పంచాయితీ నడుస్తోందని తెలిసింది. మా సందు మొదట్లో రీచార్జి డబ్బా నడిపే కుర్రాడొకడుండేవాడు. అమ్మని "అమ్మా" అని పిలుస్తూ, గ్యాస్ బండ వస్తే మోసిపెడుతూ, ఇంటి మనిషిలాగే ఉండేవాడు. నేనక్కడ ఉండగా అమ్మ యాభై రూపాయల రీచార్జి చేయించుకుంది. పన్నులు పోను నలభై చిల్లర వస్తుంది. మెసేజికి రూపాయి అని నేనే చెప్పాను కదా, కొట్టినప్పుడల్లా కాలెండర్ మీద గీత గీసుకుందట. పది గీతలు పడేసరికి బాలెన్సు ఖతం. మళ్ళీ చేయించింది, మళ్ళీ అంతే. మూడోసారి డబ్బా ముందు నిలబడి, నలుగురూ వింటుండగా, "యాభై తీస్కొని పదే ఏస్తున్నవా? ముసల్దాన్ని మోసం జేస్తవా?" అని కడిగేసిందట. ఆ రోజు నుంచి రీచార్జికి చార్మినార్ దాకా నడిచి వెళ్తోంది. ఆ పిల్లాడు ఎదురుపడితే తల తిప్పుకుంటోంది.

వాణ్ణి అడుగుదామని వెళ్ళాను. నిజం చెప్తున్నా, నాకూ లోపల అనుమానమే. వాడు ఏమీ గొడవపడలేదు. "అమ్మ తెలుగుల రాస్తదా భాయ్?" అని అడిగాడు. అవునన్నాను. తల మీద చెయ్యి పెట్టుకుని, "ఉర్దూ మే లిఖే తో భీ అయిసాచ్ జ్యాదా కట్‌తే" అన్నాడు. వాళ్ళన్న జెడ్డాలో డ్రైవరు. మొదట్లో ఉర్దూలో రాసుకునేవాళ్ళట, పైసలు మూడింతలు పోతున్నాయని ఇంగ్లీషు అక్షరాలకి మారారట. ఎందుకు పోతాయో వాడికి తెలీదు. పోతాయని మాత్రం తెలుసు. పదేళ్ళు యూనికోడ్‌తో కుస్తీలు పట్టిన ఇంజనీరుకి ఆ రెండోది కూడా తెలీదు!

ఇంటికొచ్చి కూర్చుని లెక్క వేస్తే మొత్తం తేలిపోయింది. ఎస్సెమ్మెస్ అనేది అసలు ఫోన్లు టవర్లతో మాట్లాడుకునే సిగ్నలింగ్ దారిలో, ఉన్న కాస్త ఖాళీలో ఇరికించిన సరుకు. దాని సంచీ పరిమాణం 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. 160 సరిపోతుందని 1985లో తేల్చినాయన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు. టైపురైటర్ మీద మామూలు వాక్యాలు కొట్టి, లెక్కపెట్టి చూశాడట. ఆయన ముందున్న వాక్యాలకి సరిపోయింది మరి. తెలుగో ఉర్దూవో ఒక్క అక్షరం పడిందా, మొత్తం మెసేజి 16 బిట్ల యూనికోడ్‌కి మారిపోతుంది. అప్పుడు పట్టేది 70. అది దాటి ముక్కలైతే, ముక్కలు అతికించే గుర్తులకి చోటు పోయి ముక్కకి 67. ఇందులో వత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. "అమ్మా" అంటే మనకి రెండక్షరాలు, దానికి ఐదు.

నేను రోజూ పొద్దున పంపిన మెసేజి ఇది: "అమ్మా, అన్నం తిన్నావా? బీపీ మాత్ర వేసుకున్నావా? నేను ఆఫీసుకి బయలుదేరాను." లెక్కపెడితే 72. డెబ్భయ్యోది చివరి "న". దాని కొమ్ము, దాని తర్వాత చుక్క 70 హద్దు దాటాయి, అందుకే మెసేజి రెండు ఎస్సెమ్మెస్‌లయింది. అంటే ఒక కొమ్ముకీ, ఒక చుక్కకీ కలిపి పదిహేను రూపాయలు! ఇదే వాక్యం ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 71. అయినా ఒకటే ఎస్సెమ్మెస్, ఇంకా 89 అక్షరాలకి చోటుంటుంది. పొడుగు మన భాషలో లేదండీ, సంచీలోనే ఉంది తిరకాసు.

పూర్తిగా వాళ్ళదే తప్పని కూడా అనను. కొడుతున్నప్పుడు స్క్రీన్ మూలన అంకెలు తగ్గుతూ, పక్కన ఒకటి రెండవడం కనపడేది. నేనే పట్టించుకోలేదు. కానీ రేట్ల కాగితంలో "ఎస్సెమ్మెస్‌కి 15" అని రాసినవాళ్ళు, ఎస్సెమ్మెస్ అంటే ఎంతో ఒక్క లైను రాస్తే పోయేదేముంది? ఇంకో సంగతి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్ళు రిలీజ్ 9లో తెలుగు, ఉర్దూ, హిందీ వగైరా మన భాషలకి 7 బిట్ల పట్టికలు తయారుచేసి పెట్టారు. అవి వాడితే తెలుగు కూడా దాదాపు ఇంగ్లీషంత చోటులో సరిపోతుంది. దానికి రెండు వైపులా ఫోన్లలో ఆ పట్టికలుండాలి. మా రెండు ఫోన్లలోనూ లేవు.

అటు ఐరోపాలో 2009 జులై 1 నుంచే తమ దేశాల మధ్య రోమింగ్ ఎస్సెమ్మెస్‌కి, పన్ను కాకుండా, 11 సెంట్ల గరిష్ఠ ధర పెట్టారు. 2017 జూన్ 15న అదనపు రోమింగ్ చార్జీలే ఎత్తేశారు. నా పక్క సీటు జర్మన్ ఆస్ట్రియా వెళ్ళి మెసేజి కొడితే ఆ రక్షణ ఉంది. లాల్‌దర్వాజా సిమ్ముకి లేదు.

బిల్లు కట్టేశాను. అది రంజాన్ నెల. అమ్మకి సంగతంతా చెవిలో అరిచి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి ఖర్జూరాల పొట్లం పట్టుకుని డబ్బా దగ్గరికి వెళ్ళింది. ఏమందో నేను వినలేదు. మర్నాడు మాత్రం రీచార్జి మళ్ళీ అక్కడే చేయించింది.

అయిదు వేలు పోయినందుకు నాకిప్పుడు బాధేమీ లేదు. బాధ వేరే. ఆ తర్వాత నేను ఏ ఊరెళ్ళినా అమ్మ మెసేజిలు ఇట్లా వచ్చేవి: "తిన్న. బాగున్న." టెలిగ్రాం ఇచ్చినట్టు. పరవాలేదు, రాయి, డబ్బులు నేను కడతానన్నా వినలేదు. "అక్షరానికి పైసలైతయంటివి గద" అనేది. పందిళ్ళు, ఘటాలు, పక్కింటి కోడళ్ళు అన్నీ పోయాయి. చెవులు లేని మనిషికి ఉన్న ఒక్క నోరూ నేనే మూయించినట్టయింది.

వాట్సాప్ వచ్చాక నెమ్మదిగా దార్లో పడింది. ఇప్పుడు గజం పొడుగు రాస్తుంది. ఎవరూ లెక్కపెట్టరు. రోమింగ్ కూడా ప్యాకులతో చవకయింది. అట్లాగని ఎస్సెమ్మెస్ పీడ పోలేదు. కొత్త ఫోన్లో యూపీఐ యాప్ పెట్టుకుంటే, నంబరు మీదేనా అని చూడ్డానికి అది మీ సిమ్ము నుంచి గప్‌చుప్‌గా ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. ఐఫోన్లో ఐమెసేజ్ ఆన్ చేసినా అంతే. పరాయి దేశంలో ఉండి, ప్యాక్ లేకుండా ఈ పనులు చేస్తే మీకు తెలీకుండానే మీటరు తిరగొచ్చు. కాబట్టి ఇవన్నీ ఇక్కడుండగానే కానిచ్చుకుని విమానమెక్కండి.

వెళ్ళేముందు రేటొక్కటే అడక్కండి. ఆ రేటు దేనికో, ఎంతకో కూడా అడగండి. ఆ ఒక్క ప్రశ్న నేను అడగనందుకు సందు మొదటి పిల్లాడు నెల్రోజులు దొంగయ్యాడు.

బిల్లు పారెయ్యలేదు. ఫైల్లోనే పెట్టేశాను.