రాత్రి పూర్తిగా రాని ఊరు

ముప్పై ఏళ్లుగా మేము మదర్సాలో నమాజు వేళల పాఠం చెబుతున్నాము. మగ్రిబ్ తర్వాత పడమటి ఆకాశంలో ముందు ఎరుపు పోతుంది, ఆపై తెలుపూ పోతుంది, ఇషా వేళ ప్రవేశిస్తుంది. మా కర్నూలులో ఇందుకు గంటంబావు చాలు. ఆ తెలుపు పోకపోతే ఏమిటన్న ప్రశ్న మాకెన్నడూ ఎదురుకాలేదు.

2016లో రమజాన్ మాసం జూన్‌లో వచ్చింది. ఇంగ్లండు వాయవ్య తీరాన, బ్లాక్‌పూల్‌లో నర్సుగా ఉన్న మా అమ్మాయి ఫోను చేసి, "అబ్బా, ఇక్కడ చీకటి పడటం లేదు. ఇషా ఎప్పుడు చదవాలి?" అని అడిగింది. "తెలుపు పోయేదాకా ఆగు తల్లీ, కితాబుల్లో ఉన్నది అదే" అన్నాము. ఆమె మారు మాట్లాడలేదు.

గత ఏడాది జూన్‌లో ఆ ఊరు చూసే భాగ్యం కలిగింది. 54 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరువలో ఉన్న ఊరు గనుక మంచుదేశమనుకొని ఉన్ని దుస్తులు మూటగట్టుకున్నాము. అక్కడ జూలై పగటి ఎండ 20 డిగ్రీలకు అటూఇటూ ఉంటుందనీ, జనవరిలో సైతం పగటివేళ 7 డిగ్రీల చలేననీ అమ్మాయి చెప్పింది. అట్లాంటిక్ మహాసముద్రపు వెచ్చని ప్రవాహమూ, దానిమీదుగా వీచే పడమటి గాలులూ ఆ తీరాన్ని కాపాడుతున్నాయి. అదే అక్షాంశంలో సముద్రానికి దూరంగా ఉన్న కెనడా భూములు చలికాలంలో గడ్డకట్టిపోతాయి. అల్లాహ్ నీటిచేత చేయించే సేవలెన్నో!

వెలుగు విషయంలో మాత్రం ఆ ఊరిది మరో లెక్క. సూర్యాస్తమయం రాత్రి పావుతక్కువ పదికి. ఆనాడు మేము కిటికీ వద్ద కూర్చున్నాము. పదకొండయింది, పన్నెండయింది. ఎరుపు పోయింది. తెలుపు పోలేదు. అది ఉత్తర దిక్కున నెమ్మదిగా తూర్పుకు జరుగుతూ, చివరకు ఉదయకాంతిలో కలిసిపోయింది. మే మధ్యనుంచి జూలై చివరివరకు అక్కడ ఇంతేనట.

అప్పుడు అమ్మాయి మెల్లగా చెప్పింది. ఆ రమజాన్‌లో 18 గంటలకు పైబడిన ఉపవాసం విరమించి, మా మాట ప్రకారం, ఇదే కిటికీ వద్ద అనేక రాత్రులు చీకటికోసం కూర్చున్నదట. తెల్లవారి ఆసుపత్రి పనికి వెళ్లేదట. "మీ మాట కాదనలేకపోయాను అబ్బా" అన్నది. మా తల వాలిపోయింది.

దజ్జాల్ కాలంలో ఒక దినం ఏడాదంత సాగినప్పుడు నమాజులకు వేళలు అంచనా కట్టుకోమని మహాప్రవక్త (స) బోధించిన హదీసును మేమెన్నిసార్లు పాఠంగా చెప్పలేదు! దాని ఆధారంగానే ఉలమాలు ఇలాంటి ప్రాంతాలకు మార్గాలు చూపారు. సమీప ప్రాంతపు వేళను అనుసరించమన్నారు కొందరు, రాత్రిని ఏడు భాగాలు చేయమన్నారు మరికొందరు. అక్కడి మస్జిదుల పట్టికలు అలాంటి అంచనాలతోనే తయారవుతాయి. కితాబులో సౌలభ్యం ఉన్నది. అడిగినవారి ఆకాశం ఎలా ఉన్నదో విచారించని లోపం మాది. బిడ్డ ముందు ఆ మాట ఒప్పుకున్నాము.

చాంద్రమానపు రమజాన్ ఏటా పదీపదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో అది జనవరిలోనూ, మళ్లీ డిసెంబరు చివరనూ వస్తుంది. నడిశీతాకాలంలో అక్కడి పగలు ఏడున్నర గంటలే. దీర్ఘమైన ఉపవాసాలు మోసినవారికి తేలికైన ఉపవాసాలూ రాసిపెట్టి ఉన్నాయి.

ఇప్పుడు ఎవరైనా మస్అలా అడిగితే, మేము ముందుగా అడిగే మాట ఒక్కటే: "మీరెక్కడ ఉన్నారు?"